ఎత్తేది జాకీ... మోసేది స్టాండు

తెల్లవారుజామున సంగారెడ్డి వైపు నుంచి ఎర్రగడ్డ రైతుబజారుకు టమాటా, బీరకాయ, మిర్చి వేసుకుని బయల్దేరిన మినీ ట్రక్కు అది. పటాన్‌చెరు దాటి, కూకట్‌పల్లి దాటి వచ్చేసరికి వెనక కుడివైపు ‘టక్’మని శబ్దం. బండి ఒక పక్కకు ఒరిగింది. మెల్లగా నడిపించుకుంటూ వచ్చి సగం సరుకు రైతుబజారులో దించారు. మిగతా సగం పంజాగుట్ట దగ్గర ఒక హోటలుకు ఇవ్వాల్సి ఉంది. అమీర్‌పేట మెట్రో స్టేషను దాటాక ఇక బండి కదలనన్నది. కమాన్ కట్టలో పెద్ద పట్టీ విరిగింది.

ఆ బండిలో డ్రైవరు పక్కన కూర్చున్న మూడో మనిషిని నేను. కూరగాయల రవాణా మీద రాయడానికి వెళ్లాను. చివరికి రాయాల్సి వచ్చింది జాకీ గురించి.

మెయిన్ రోడ్డు వదిలి సందులోకి తిరిగితే ఒక రేకుల షెడ్డు. బయట నల్లటి ఆయిలు మరకలు, లోపల రెండు పాత కార్లు. యాభై అయిదేళ్ల మేస్త్రీ వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. కిందికి వంగి చూశాడు. మా రైతు తొందరపడుతున్నాడు.

“మేస్త్రీ, జల్ది జాకీ పెట్టు. ఎండ ఎక్కితే మాల్ వాడిపోతది.”

“ముందుగాల మాల్ దించుండ్రి పటేల్. ఆ తర్వాతనే జాకీ.”

“పది డబ్బాలే ఉన్నయి గదా!”

“ఒక్క డబ్బా ఉన్నా దించుండ్రి. కింద పండేది నేను. మీ టమాటా కాదు.”

ఆ మాట అంటూ ఎడమ చెయ్యి చూపించాడు. చిటికెన వేలు, దాని పక్క వేలు సగం వరకే ఉన్నాయి. ఇరవై ఏళ్ల వయసులో వేరే ఊళ్లో పని నేర్చుకునేటప్పుడు పోయాయట. కారును ఒట్టి జాకీ మీద నిలబెట్టి ముందు చక్రం దగ్గర పని చేస్తుంటే, ఎవరో లోపలి వస్తువు తీసుకుందామని తలుపు తెరిచారు. బండి ఊగింది. జాకీ పక్కకు పడింది. “రెండు వేళ్లతో పోయింది, అల్లా దయ. నా తల గూడ అండ్లనే ఉండె అంతకుముందు నిమిషం దాకా” అన్నాడు.

ఆ రోజు ఆ షెడ్డులో నాలుగు గంటలు కూర్చున్నాం. ఆయన చేసింది చూసి, అడిగి తెలుసుకున్నది, వాహనాల వాళ్లందరూ పాటించే పద్ధతి కలిపి ఇక్కడ రాస్తున్నాం. ఇప్పుడు ఊళ్లో జీపు, కారు, ట్రాలీ ఆటో లేని వాడ లేదు. షాకబ్జర్లు, బుష్‌లు, కమాన్ పట్టీలు తెచ్చి చెట్టు కింద మనమే మార్చుకుంటున్నాం. ఖర్చు కలిసొస్తుంది. కానీ బండిని ఎత్తడం తెలియకపోతే కలిసొచ్చేదేమీ ఉండదు.

ఎన్ని బస్తాల బరువు?

పాత లెక్కన వడ్ల బస్తా 75 కిలోలు అనుకుందాం. చిన్న కారుగా మన ఊళ్లలో తిరిగిన మారుతి 800 సుమారు 650 కిలోలు. అంటే దాదాపు తొమ్మిది బస్తాలు. బొలెరో లాంటి బండి ఒకటిన్నర టన్నుల పైమాట. అంటే ఇరవై బస్తాలకు పైనే. ఇరవై బస్తాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, అడుగున ఒక ఇనుప కర్ర నిలబెట్టి, “దాని కింద దూరు” అంటే ఎవరైనా దూరుతారా? జాకీ మీద నిలబెట్టిన బండి కింద దూరడమంటే అదే.

జాకీలు మన దగ్గర మూడు రకాలు కనిపిస్తాయి. బండితో పాటు కంపెనీ ఇచ్చే మడత జాకీ ఒకటి. ఇది మర తిప్పితే లేస్తుంది. పంక్చరైన చక్రం విప్పి స్టెప్నీ బిగించడానికే దీన్ని ఇచ్చారు. రెండోది సీసా ఆకారంలో ఉండే హైడ్రాలిక్ జాకీ. లారీ వాళ్ల దగ్గర ఎక్కువ. మూడోది చక్రాల మీద దొర్లే ట్రాలీ జాకీ. షెడ్డుల్లో వాడేది ఇదే.

హైడ్రాలిక్ జాకీ లోపల ఉన్నది నూనె. ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ 17వ శతాబ్దంలో చెప్పిన సూత్రం మీద ఇది పని చేస్తుంది. మూసి ఉన్న నూనె మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. చిన్న పిస్టన్ వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు, పెద్దది 20 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. చిన్న దాని మీద 50 కిలోల బలం పడితే పెద్దది 1,000 కిలోలు ఎత్తుతుంది. అందుకే ఒంటి చేత్తో రాడ్డు ఊపినా బండి లేస్తుంది.

ఇక్కడే కిటుకు ఉంది. అంత బరువునూ ఆపుతున్నది ఒక చిన్న రబ్బరు సీలు, ఒక చిన్న వాల్వు. సీలు అరిగినా, వాల్వులో ఇసుక రేణువు చిక్కినా నూనె జారుతుంది. బండి దిగుతుంది. ఒక్కోసారి నెమ్మదిగా, ఒక్కోసారి కేకేసే వ్యవధి కూడా లేకుండా. జాకీ మీద ‘2 టన్నులు’ అని రాసి ఉన్నా అది ఎత్తే శక్తి గురించి చెప్పిందే. పట్టుకుని నిలబడతానని ఇచ్చిన హామీ కాదు.

అందుకే మేస్త్రీ ఒక్క మాటలో చెప్పాడు. “జాకీ లేపనీకే పటేల్. మోయనీకి ఘోడీ ఉన్నది.” ఘోడీ అంటే ఇనుప స్టాండు. మూడు నాలుగు కాళ్లతో, మధ్యలో ఎత్తు సర్దుకునే కడ్డీతో ఉంటుంది. కడ్డీకి పిన్ను గానీ పళ్లు గానీ ఉంటాయి. ఇందులో నూనె లేదు, సీలు లేదు. ఇనుము మీద ఇనుము కూర్చుంటుంది. కొనేటప్పుడు ఎప్పుడూ జతగా కొనాలి. దాని మీద రాసిన బరువు మన బండి మొత్తం బరువుకు తగ్గకుండా చూసుకోవాలి. బోరు మోటార్ల కోసం రాణీగంజ్ వెళ్లే రైతులకు ఆ బజారు కొత్తేమీ కాదు. పనిముట్ల దుకాణాల్లో అడిగితే స్టాండ్లు దొరుకుతాయి.

ముందు చోటు చూడాలి

పంజాగుట్ట పేరులోనే గుట్ట ఉంది. అక్కడి నుంచి బంజారాహిల్స్ వైపు వెళ్లే దారులన్నీ ఎక్కుడే. అమీర్‌పేట సందుల్లో కూడా చదునుగా కనిపించే చోటు నిజంగా చదును కాదు. మేస్త్రీ మా బండిని షెడ్డు ముందు ఆపనివ్వలేదు. ఇరవై గజాలు తోయించి లోపల సిమెంటు గచ్చు మీదికి తెప్పించాడు. తెలియాలంటే చెంబుడు నీళ్లు పోసి చూడమన్నాడు. నీళ్లు ఒక పక్కకు పరుగెత్తితే బండి కూడా అటే పోతుంది.

చదునుతో పాటు గట్టిదనమూ చూడాలి. నల్లరేగడి మీద, తడి మట్టి మీద స్టాండు కాళ్లు దిగబడతాయి. నాలుగు కాళ్లూ సమానంగా దిగవు కాబట్టి స్టాండు ఒరుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం తారు రోడ్డు కూడా మెత్తబడుతుంది. అలాంటిచోట తప్పనిసరైతే జాకీ కింద, స్టాండు కింద మందపాటి చెక్క పలక వేయాలి. కాళ్లన్నీ పలక మీదే ఉండాలి. అంచు మీద ఉండకూడదు.

ఇటుకలు, సిమెంటు దిమ్మెలు మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. ఇవి గోడలో పరుచుకున్న బరువును మోస్తాయి గానీ ఒక్కచోట ఇనుము గుచ్చుకుంటే తట్టుకోలేవు. పగిలేముందు చప్పుడు చెయ్యవు. బండరాయి పగలకపోయినా నున్నగా ఉండి జారుతుంది. స్టాండు లేనప్పుడు దళసరి తుమ్మ, టేకు మొద్దులను ఒక వరుస నిలువు, ఒక వరుస అడ్డంగా పేర్చి వాడొచ్చు. బరువు ఎక్కువైతే చెక్క కిర్రుమని చెబుతుంది. ఆ హెచ్చరిక సిమెంటు దిమ్మె ఇవ్వదు.

హ్యాండ్ బ్రేకును నమ్ముకోవద్దు

మా డ్రైవరు హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో వేసి, “అయిపోయిందన్నా” అన్నాడు. మేస్త్రీ నవ్వాడు. “ఏ చక్రాలు లేపుతున్నం? వెనకవే గదా. హ్యాండ్ బ్రేకు పట్టేది ఏ చక్రాలను? వెనకవే. గాలిలో ఉన్న చక్రాన్ని పట్టుకుంటే బండి ఆగుతదా?”

చాలా కార్లలో, మినీ ట్రక్కుల్లో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే పని చేస్తుంది. వెనక భాగం ఎత్తితే నేల మీద మిగిలేవి ముందు చక్రాలు. వాటిని ఆపేది ఏదీ లేదు. మా బండిలో ఇంజను శక్తి కూడా వెనక చక్రాలకే వెళుతుంది కాబట్టి గేరు వేసినా లాభం లేదు.

ముందు చక్రాలకు శక్తి వెళ్లే కారులో ముందువైపు ఒక్క చక్రమే ఎత్తామనుకోండి. గేరులో ఉంది కదా అని ధీమా పడొద్దు. డిఫరెన్షియల్ అనేది ఒక చక్రం ఆగితే ఇంకో చక్రం తిరగడానికి వీలిచ్చే యంత్రం. గాలిలో ఉన్న చక్రం వెనక్కు తిరుగుతుంటే నేల మీది చక్రం ముందుకు దొర్లుతుంది. బండి పోతుంది.

కాబట్టి నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టాలి. ఒక వైపు పెడితే చాలదు. వెనక ఎత్తేటప్పుడు ముందు రెండు చక్రాలకు, ముందు ఎత్తేటప్పుడు వెనక రెండు చక్రాలకు పెట్టాలి. చక్రానికి గట్టిగా ఆనేలా ఏటవాలు చెక్కలైతే మంచిది. ముందువైపు ఎత్తేటప్పుడు హ్యాండ్ బ్రేకు కూడా వేసి ఉంచాలి. అడ్డు చెక్కలకు అది తోడు అవుతుంది గానీ బదులు కాదు.

చక్రం నట్లను నేల మీద ఉన్నప్పుడే పావు చుట్టు సడలించుకోవాలి. బండి ఎత్తాక బిగుసుకున్న నట్టు మీద పానా వేసి కాలితో తొక్కితే బండే పక్కకు జరుగుతుంది. అలాగని మొత్తం విప్పేయకూడదు. సడలిస్తే చాలు.

ఎక్కడ పెట్టి ఎత్తాలి?

కారు అడుగు అంతా ఒకేలా గట్టిగా ఉండదు. తలుపుల కింద అంచు రేకు వెంట ముందు చక్రం వెనక, వెనక చక్రం ముందు రెండేసి గాడులు ఉంటాయి. ఆ గాడుల మధ్య చోటే కంపెనీ చెప్పిన స్థానం. బండితో ఇచ్చే పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది. ట్రాలీ జాకీతో ఎత్తాలంటే ముందువైపు ఇంజనును మోసే అడ్డ దూలానికి పెట్టొచ్చు, పుస్తకం ఒప్పుకుంటేనే. ఆయిలు చాంబరు, గేరు డబ్బా, డీజిలు ట్యాంకు, అడుగు రేకు... వీటి కింద జాకీ పెడితే అవి సొట్టబోతాయి, పగులుతాయి. బండి జారుతుంది.

జీపు, బొలెరో, మినీ ట్రక్కు లాంటి వాటికి కింద ఛాసిస్ ఉంటుంది. రెండు పొడవాటి ఇనుప దూలాలు. ఎత్తడానికి ఇరుసు కింద జాకీ పెట్టొచ్చు. ఛాసిస్ కింద కూడా పెట్టొచ్చు. కానీ స్టాండు ఎక్కడ పెట్టాలన్నది మనం చేసే పనిని బట్టి ఉంటుంది. అది కింద చెబుతున్నాం.

ట్రాలీ జాకీ వాడేవాళ్లు ఒక సంగతి గమనించాలి. దాని చెయ్యి పైకి లేచేటప్పుడు నేరుగా లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. అందుకే జాకీ చక్రాలు బండి కిందికి కాస్త దొర్లాలి. గచ్చు మీద రాయో నట్టో అడ్డం పడి అది దొర్లకపోతే పైన పట్టు జారుతుంది. ముందే నేల ఊడ్చుకోవాలి.

ఎత్తేటప్పుడు ఎవరూ లోపల కూర్చోకూడదు. ఒక్కసారిగా చివరిదాకా లేపకుండా నాలుగు అంగుళాలు లేపి, జాకీ నిటారుగా ఉందా, అడ్డు చెక్కలు కదిలాయా చూసుకుని మళ్లీ లేపాలి. పనికి ఎంత ఎత్తు కావాలో అంతే. ఎత్తు పెరిగేకొద్దీ ఊగుడు పెరుగుతుంది.

అసలు సంగతి: విప్పేదాని మీద బరువు పెట్టొద్దు

టైరు మార్చడానికీ, సస్పెన్షన్ భాగాలు మార్చడానికీ తేడా ఇక్కడే వస్తుంది. టైరు మారుస్తుంటే బండిని మోసే అవయవాలన్నీ వాటి చోట వాటివి ఉంటాయి. కమాన్ కట్ట, షాకబ్జరు, లోయర్ ఆర్మ్ మారుస్తున్నామంటే బండిని మోసేవాటినే విప్పుతున్నాం. స్టాండు ఇరుసు కింద పెట్టి కమాన్ కట్ట విప్పితే ఏమవుతుంది? ఇరుసు స్టాండు మీద ఉంటుంది. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఉన్న కట్ట ఊడుతుంది. ఛాసిస్ కిందికి కూలుతుంది.

మేస్త్రీ చేసింది ఇదీ. సరుకంతా దించాక ముందు చక్రాలకు అడ్డు పెట్టాడు. వెనక ఇరుసు మధ్య గుండు కింద జాకీ పెట్టి లేపాడు. కమాన్ కట్ట ముందు కొన పట్టే చోటుకు ముందుగా, ఛాసిస్ రెండు దూలాల కింద రెండు స్టాండ్లు నిలబెట్టాడు. పిన్నులు పూర్తిగా దూరాయా అని వేలితో తడిమి చూశాడు. తర్వాత జాకీ నెమ్మదిగా దించి బండి బరువును స్టాండ్ల మీద కూర్చోబెట్టాడు. ఇరుసు కింద జాకీ మాత్రం తీయలేదు. కమాన్ మీది ఒత్తిడి పోయే వరకే దించి, ఇరుసుకు ఊతంగా అక్కడే ఉంచాడు. కట్ట విప్పినప్పుడు ఇరుసు పక్కకు తిరగకుండా అది ఆపుతుంది. కొత్త కట్ట బోల్టులు కూర్చోవడానికి రెండు దమ్ములు పైకి, రెండు కిందికి సర్దుకోవడానికీ అదే పనికొస్తుంది.

అంతటితో ఆగలేదు. బండి డబ్బాకు రెండు చేతులూ ఆనించి పక్కకు గట్టిగా నెట్టాడు. మా డ్రైవరునూ నెట్టమన్నాడు. “పడేదుంటే ఇప్పుడే పడాలె. నేను కిందికి పోయినంక గాదు” అన్నాడు. విప్పిన చక్రాలను బోర్లా ఛాసిస్ కిందికి తోశాడు. ఒకవేళ స్టాండు జారినా బండి చక్రం మీద ఆగుతుంది. మనిషికి అంత సందు దొరుకుతుంది. ఇవన్నీ కలిపి పది నిమిషాలు పట్టలేదు.

కారు ముందువైపు లోయర్ ఆర్మ్, బాల్ జాయింటు, స్ట్రట్ మార్చేటప్పుడూ ఇదే నియమం. స్టాండు ఆర్మ్ కింద కాదు, తలుపు కింద గాడుల చోట గానీ అడ్డ దూలం గట్టి భాగం కింద గానీ పెట్టాలి. ముందువైపు ఎత్తితే రెండు వైపులా రెండు స్టాండ్లు ఉండాలి. ఒక పక్క స్టాండు, ఇంకో పక్క జాకీ అనే బేరం కుదరదు. బ్రేకు కాలిపర్ విప్పాల్సి వస్తే దాన్ని రబ్బరు పైపుకు వేలాడదీయకుండా తీగతో పైకి కట్టాలి.

చుట్టుకున్న స్ప్రింగు చుట్టుకున్న పామే

కార్ల ముందువైపు ఉండే స్ట్రట్‌లో షాకబ్జరు చుట్టూ స్ప్రింగు నొక్కి బిగించి ఉంటుంది. బండి బరువు మీద లేకపోయినా, స్ట్రట్ విప్పి బల్ల మీద పెట్టినా దాని బలం దానిలోనే ఉంటుంది. పైన మధ్యలో కనిపించే పెద్ద నట్టు ఆ బలాన్ని పట్టి ఉంచింది. తెలియక ఆ నట్టు విప్పితే స్ప్రింగు, పై కప్పు ఎగిరి మొహానికి తగులుతాయి. దవడలు విరిగిన సందర్భాలు, ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి.

స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసర్ పరికరం ఎదురెదురుగా రెండు వైపులా వేసి, కొంచెం ఇటు కొంచెం అటు సమానంగా బిగిస్తూ, స్ప్రింగు తన గిన్నెలో వదులుగా కదిలే వరకు వచ్చాకే పై నట్టు ముట్టుకోవాలి. తాడుతో కట్టడం, ఇనుప తీగ చుట్టడం పనికి రావు. ఆ పరికరం లేకపోతే స్ట్రట్‌ను బండి నుంచి పూర్తిగా విప్పి షెడ్డుకు తీసుకెళ్లి అక్కడ మార్పించుకోవడం మేలు. మిగిలేది కొద్ది డబ్బులు, పోయేది కన్ను.

దించేటప్పుడు కూడా లెక్క ఉంది

లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రం వేలాడుతుండగా చివరి బిగింపు బిగిస్తే బండి దించాక బుష్ మెలి తిరిగి ఉంటుంది. కొద్ది నెలల్లోనే రబ్బరు చీలుతుంది. “కొత్త బుష్ వేసినా నిలవలేదు” అని దుకాణదారును తిట్టేవాళ్లలో చాలామంది చేసిన పొరపాటు ఇదే. బోల్టులు చేతి బిగింపు మీద ఉంచి, బండి బరువు చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. కమాన్ కట్టల షాకిల్ రబ్బరు బుష్‌లకూ ఇది వర్తిస్తుంది.

షాకబ్జర్లు, స్ప్రింగులు ఒక పక్కే మార్చడం మంచిది కాదు. కుడీ ఎడమా జతగా మార్చాలి. లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక వైపు లాగుతుంది.

దించేముందు బండి కింద పానాలు, చెక్కలు, పిల్లలు, కోళ్లు లేవని చూసుకోవాలి. జాకీతో ఒక అంగుళం లేపి, స్టాండ్లు తీసి, వాల్వును కొద్దికొద్దిగా విప్పుతూ దించాలి. చక్రం నట్లను ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించాలి. చివరి బిగింపు చక్రం నేల మీద ఆనాకే. ఓ 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి పానా వేసి చూడాలి. కమాన్ కట్ట యూ బోల్టులనూ అలాగే. ముందువైపు భాగాలు మార్చినవాళ్లు చక్రాల అలైన్‌మెంట్ చేయించుకోకపోతే కొత్త టైర్లు అంచుల్లో కరిగిపోతాయి.

పొలం దగ్గర ట్రాక్టరు, ట్రాలీ

ఈ నియమాలు కార్లకే అనుకోవద్దు. టిప్పింగ్ ట్రాలీ డబ్బా పైకి లేపి, కింద గ్రీజు పెట్టడానికి తల దూర్చడం మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. ఆ డబ్బాను పైన ఆపుతున్నదీ నూనే. పైపు పగిలినా, ఎవరైనా లీవరు తాకినా డబ్బా రెప్పపాటులో దిగుతుంది. డబ్బాకూ ఛాసిస్‌కూ మధ్య గట్టి ఇనుప ఊతం, లేకపోతే దళసరి దుంగ నిలబెట్టాకే కిందికి వెళ్లాలి. రోటావేటరు, నాగలి లాంటి పనిముట్లను హైడ్రాలిక్ మీద వేలాడదీసి బ్లేడ్లు మార్చడమూ అంతే. నేల మీదికి గానీ మొద్దుల మీదికి గానీ దించి, ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకోవాలి.

ట్రాక్టరు ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద అటూ ఇటూ ఊగేలా ఉంటుంది. ఇంజను కింద జాకీ పెట్టి ముందు లేపితే ఒళ్లంతా ఒక పక్కకు ఒరిగే ప్రమాదం ఉంది. ఇరుసుకూ పై భాగానికీ మధ్య రెండు వైపులా చెక్క మేకులు బిగించాకే ఎత్తాలి.

జరగరానిది జరిగితే

పంజాగుట్టలోనే నిమ్స్ ఉంది. ఒకప్పుడు నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా ఎముకల వైద్యానికి పేరుపడిన చోటు. మేస్త్రీ షెడ్డు నుంచి ఆసుపత్రికి వెళ్లడం ఎంతసేపు? మన ఊరి చెట్టు కింద నుంచి ఎంతసేపు? ఆ తేడా గుర్తు పెట్టుకోవాలి. నగరంలో పది నిమిషాల్లో అందే వైద్యం మనకు గంటన్నర దూరం.

మనిషి బండి కింద చిక్కితే కాళ్లు పట్టి లాగొద్దు. ఒకరు 108కు ఫోను చేయాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సేవ నంబరు పిల్లలకు కూడా నేర్పాలి. మిగతావాళ్లు చక్రాలకు అడ్డు పెట్టి, వేరే జాకీతో లేపుతూ, లేచినంత మేర మొద్దులు దూరుస్తూ రావాలి. పదిమంది కలిసి చేతులతో ఎత్తితే ఒకరి పట్టు జారినా మళ్లీ అదే మనిషి మీద పడుతుంది. ఛాతీ మీద, మెడ మీద బరువు ఉంటే మాత్రం క్షణం ఆగకూడదు. ఏ విధంగానైనా బరువు తప్పించాలి.

కాలో చెయ్యో చాలాసేపు నలిగి ఉంటే, ఎంతసేపు నలిగిందో 108 వాళ్లకు చెప్పి వాళ్లు చెప్పినట్టు చేయాలి. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడినప్పుడు శిథిలాల కింద నుంచి బయటపడినవాళ్లు మొదట బాగానే కనిపించి, తర్వాత మూత్రపిండాలు చెడి చనిపోవడం గమనించి 1941లో అక్కడి వైద్యులు రాశారు. నలిగిన కండలోని విషపదార్థాలు ఒక్కసారిగా రక్తంలో కలవడమే కారణం. అందుకే “లేచి నడుస్తున్నాడు కదా” అని ఇంటికి తీసుకుపోకూడదు. ఆసుపత్రికే తీసుకుపోవాలి.

పనికి ముందు ఒకసారి చదువుకోండి

* సరుకు దించాలి. లోపల మనుషులు ఉండకూడదు.
* చదును నేల, గట్టి నేల. లేకపోతే కింద మందపాటి పలక.
* నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు.
* నట్లు సడలించాకే ఎత్తడం.
* ఎత్తగానే స్టాండ్లు, జతగా. ఇటుక, సిమెంటు దిమ్మె వద్దు.
* ఏది విప్పుతామో దాని కింద స్టాండు పెట్టొద్దు.
* గట్టిగా నెట్టి చూడాలి. విప్పిన చక్రం బండి కిందికి తోయాలి.
* ఒంటరిగా పని చేయొద్దు. పిలిస్తే పలికే దూరంలో ఒకరు ఉండాలి.
* స్ప్రింగు నొక్కి పట్టందే స్ట్రట్ పై నట్టు ముట్టుకోవద్దు.

ఇక మా బండి సంగతి. మధ్యాహ్నం పన్నెండున్నరకు పని అయింది. దించిన డబ్బాలను షెడ్డు నీడలో పెట్టి, తడి గోనెసంచులు కప్పించాడు మేస్త్రీ. హోటలుకు సరుకు ఆలస్యంగానే చేరింది. ధర కొంత తగ్గించుకోవాల్సి వచ్చింది. దారి పొడుగునా మా రైతు ఆ నష్టం లెక్కే వేస్తూ కూర్చున్నాడు.

పంజాగుట్ట చౌరస్తా దాటేటప్పుడు ఫ్లైఓవర్‌ కింద బండి ఆగింది. 2007 సెప్టెంబరు 9న ఈ చౌరస్తాలోనే, కడుతుండగానే ఫ్లైఓవర్ భాగం ఒకటి కూలి కింద వెళుతున్నవాళ్ల ప్రాణాలు పోయాయి. ఆ సంగతి డ్రైవరే గుర్తు చేశాడు. నెత్తి మీది బరువును ఎవరో సరిగ్గా నిలబెట్టారనే నమ్మకంతో రోడ్డు మీద వెళ్లడం తప్పదు. మన బండి కిందికి మనం దూరేటప్పుడు ఆ నిలబెట్టేది మనమే. ఇంకొకరి మీద నెట్టడానికి లేదు.

రైతు కాసేపు మాట్లాడలేదు. తర్వాత డ్రైవరును అడిగాడు.

“రాణీగంజ్ ఎటు దిక్కురా?”

“ఇప్పుడెందుకే మామా? పొద్దువోతది.”

“వోనీ. ఆ ఘోడీలు ఒక జత కొనుక్కొని పోదాం.”